పెరట్లో గునుగు పూలు: మనవరాలికి జేజి ఉత్తరం

ఆదోని

చిరంజీవి సౌభాగ్యవతి మనవరాలికి జేజి ఆశీర్వదించి వ్రాయునది.

అనంతపురంలో మీరు కట్టుకొన్న ఇంటి ముందు స్థలం ఖాళీగా ఉన్నదనీ, కొని తెచ్చిన పూలమొక్కలు ఎండకు నిలవడం లేదనీ, విత్తనం చల్లి సులభంగా పెంచుకోదగినది ఏదైనా చెప్పమనీ అడిగినావు. ఈ ఏడు గునుగు చల్లు. చేలగట్ల మీద తనంతట తాను మొలిచే దానిని పెరట్లో పెంచడమేమిటని మీ అత్తవారింట్లో ఎవరైనా అనవచ్చు. మనం ముచ్చటపడి పెంచుకొనే కోడిజుట్టు పువ్వు కూడా ఆ జాతిలోనిదేనని వారికి చెప్పు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మీ జిల్లాలో, ఎవరూ నీళ్లు పోయకుండానే పూసే మొక్కను కాదని వేరేదాన్ని వెతకడం నాకు న్యాయంగా తోచదు.

పునర్వసు, పుష్యమి కార్తెలలో, అంటే జూలైలో, మంచి పదును వాన పడిన తరువాత విత్తు. అప్పుడు వేస్తే దసరా నాటికి నిండుగా పూస్తుంది. పగటి పొద్దు తగ్గే కొద్దీ పూతకు తొందరపడే స్వభావం దీనిది. అందువల్ల ఆలస్యంగా, ఉత్తర కార్తెలో చల్లితే మొక్క ఎదగకముందే కంకి వేసి, పొట్టిగానే నిలిచిపోతుంది.

రోజంతా ఎండ తగిలే చోటును ఎంచుకో. మీ ఎర్రనేలకు ఎరువు అక్కరలేదు. పేడ ఎరువు ఎక్కువైతే ఆకు పెరుగుతుంది గాని పూత తగ్గుతుంది. నేలను పైపైన తవ్వి, గడ్డలు చితకగొట్టి, చదును చెయ్యి. నల్లగా మెరిసే ఈ గింజ ఆవగింజ కంటే సన్నం కాబట్టి చేతికి అందక ఒకేచోట కుప్పగా పడుతుంది. పిడికెడు పొడి ఇసుకలో కలిపి చల్లితే సమంగా పడుతుంది. చల్లిన తరువాత మన్ను కప్పవద్దు. విత్తనం మొలవలేదని వాపోయేవారిలో చాలామంది దానిని లోతుగా పూడ్చినవారే. అరచేతితో నేలకు అదిమి, సన్నని జల్లుగా నీళ్లు చల్లితే చాలు. ధారగా పోస్తే గింజలన్నీ కొట్టుకొనిపోయి ఒక మూలకు చేరుతాయి. మొలక వచ్చేదాకా పైమన్ను ఆరకుండా చూసుకొంటే వారం పది రోజులలో మొలుస్తుంది.

మొలకలు బెత్తెడు ఎత్తు పెరిగినప్పుడు, మొక్కకూ మొక్కకూ జానెడు ఎడం ఉండేటట్లు మిగిలినవి పీకివెయ్యి. ఆ పని చేయడానికి మనసు రాదని నాకు తెలుసు, అయినా చెయ్యి; గుబురుగా వదిలితే అన్నీ సన్నబడి గాలికి వాలిపోతాయి. పీకిన లేత మొక్కలను తోటకూర వలె పప్పులో వేసుకోవచ్చు, రెండూ ఒకే కుటుంబానివి. తరువాత తల చిగురును ఒక్కసారి గిల్లితే పక్కకొమ్మలు వచ్చి ఎక్కువ కంకులు పూస్తాయి. వేళ్లు పట్టిన మొక్కకు రోజూ నీళ్లు పోయవద్దు. ఇక్కడి నల్లరేగడిలో నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. మీ నేలలో ఆ భయం తక్కువ, అయినా పల్లంలో వేయకు.

ఒక్క విషయంలో మాత్రం నీవు జాగ్రత్తగా ఉండాలి. మీ గోడ అవతల వేరుశనగ చేను ఉన్నదన్నావు. గునుగు ఆ రైతుకు పువ్వు కాదు, కలుపు. ఒక్క మొక్క రాల్చే గింజలు లెక్కకు అందవు. అందుచేత, గులాబీరంగు కంకి అడుగు నుంచి తెల్లబడుతూ వచ్చి, కింది భాగం ఎండి గింజ నల్లబడగానే, రాలకముందే కోసివెయ్యి. కోసిన కంకులను గుడ్డ మీద నీడన ఆరబెట్టి, దులిపి, చాటతో చెరిగి, గింజలను కాగితపు పొట్లంలో దాచుకో. తెల్లబడినా రంగు మిగిలిన కంకులు కొన్నింటిని ముందే కోసి తలకిందులుగా కట్టి ఆరబెడితే, ఇంట్లో అలంకరణకు చాలాకాలం ఉంటాయి.

మీ అబ్బ చేత విత్తనాల పొట్లం పంపుతున్నాను. సగమే ఈసారి చల్లి, తక్కినది ఉంచుకో. మొలిచిన తరువాత వాన ముఖం చాటేస్తే మళ్లీ చల్లవలసి వస్తుంది.

ఇట్లు,
మీ జేజి