శ్రీశైలం నీటి లెక్కను కదిలే బొమ్మగా చేయాలంటే

చి. అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన స్టోరీబోర్డు (వీడియో దృశ్యాలను వరుసగా గీసిన బొమ్మలు) శ్రద్ధగా చూశాను. శ్రీశైలం జలాశయం నీటి లెక్కలు రైతులకు అర్థమయ్యేలా తొంభై సెకన్ల వీడియో చేయాలన్న నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. వానాకాలం వచ్చిందంటే పత్రికల్లో రోజూ క్యూసెక్కులు, టీఎంసీలు, అడుగులు ఒకే వాక్యంలో కలిసిపోయి అచ్చవుతాయి. ఈ మూడింటికీ ఉన్న సంబంధాన్ని విడమరచి చెప్పేవారు తక్కువ. అందుకే ఈ పని బాగా రావాలని నా ఆరాటం.

నీ స్టోరీబోర్డులో ప్రాజెక్టు చరిత్ర, కరెంటు ఉత్పత్తి, రెండు రాష్ట్రాల వాటాలు, పూడిక అన్నీ ఉన్నాయి. తొంభై సెకన్లలో ఇవి ఇమడవు. చూసేవారి మనసులో ఉన్న ప్రశ్న ఒక్కటే తీసుకో: ‘ఇంత వరద వస్తోందంటున్నారు, మరి జలాశయం నిండడానికి ఎన్ని రోజులు పడుతుంది?’ ఆ జవాబుకు సాయపడని బొమ్మ ఎంత అందంగా ఉన్నా తీసెయ్యి. మొదట్లో 308 టీఎంసీలు పట్టే జలాశయం పూడికతో 215కు తగ్గిందన్న సంగతి నాకూ బాధ కలిగించేదే. కానీ దానికి వేరే వీడియో కావాలి.

ఇక అసలు విషయం. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28.3 లీటర్ల నీరు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. మొదటిది పారే నీటికి కొలత, రెండోది నిలిచిన నీటికి. ఈ రెండింటినీ కలిపేది కాలం. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 11,574 క్యూసెక్కుల నీరు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. అంటే లక్ష క్యూసెక్కులు వస్తే రోజుకు సుమారు 8.6 టీఎంసీలు. కాగితం మీది బొమ్మ చూపలేనిది, కదిలే బొమ్మ మాత్రమే చూపగలిగేది ఇదే. ఒక టీఎంసీకి ఒక గడి చొప్పున గీసి, పక్కన గడియారం పెట్టు. గడియారంలో రోజు గడిచేలోగా ఎన్ని గడులు నిండాయో కన్ను తనంతట తానే లెక్కపెడుతుంది. ప్రవాహం రెట్టింపైతే గడులు నిండే వేగం కూడా సరిగ్గా రెట్టింపు కావాలి. ఆ వేగమే క్యూసెక్కు. అందుకే వేగాన్ని అందం కోసం మార్చకూడదు. నువ్వు మొదటి దృశ్యంలో ఒక రోజును మూడు సెకన్లలో చూపి, చివర్లో వారాన్ని ఒక్క సెకనులో దాటించావు. అలా చేస్తే చూసేవారి లెక్క మొత్తం తప్పుతుంది. రోజుకు రెండు సెకన్లని పెట్టుకుంటే చివరిదాకా అదే ఉంచు. కిందికి వదిలే నీటిని కూడా మరువకు. జలాశయాన్ని నింపేది ఇన్‌ఫ్లో (వచ్చే నీరు), ఔట్‌ఫ్లో (వదిలే నీరు)ల మధ్య తేడా మాత్రమే.

అడుగుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. నువ్వు నిలువు తొట్టి గీసి, అట్టడుగున సున్నా, పైన 885 రాశావు. ఆ 885 అడుగులు సముద్ర మట్టం నుంచి కొలిచినవి, జలాశయం అట్టడుగు నుంచి కాదు. నీ బొమ్మలో 854 అడుగుల దగ్గర తొట్టి దాదాపు నిండినట్టే కనిపిస్తోంది. నిజానికి 885 దగ్గర 215 టీఎంసీలుంటే, 854 దగ్గర సుమారు 90 మాత్రమే ఉంటాయి. సగం కూడా లేదు! లోయ పైకి వెళ్లేకొద్దీ గరాటులా వెడల్పవుతుంది కాబట్టి పైన ఉన్న ఒక్కో అడుగులో కింది అడుగుకంటే ఎక్కువ నీరు పడుతుంది. అందువల్ల జలాశయాన్ని ఆ ఆకారంలోనే గీసి, గడులతో నింపు. అడుగుల అంకెలు పక్కన చిన్నగా ఉంటే చాలు. ‘నీటిమట్టం 31 అడుగులే తగ్గింది కదా’ అనుకునే రైతుకు నీ వీడియో చేసే పెద్ద మేలు ఇదే.

గణాంకాలను కదిలే బొమ్మలతో వివరించిన స్వీడన్ వైద్యుడు హాన్స్ రోస్లింగ్ 2006లో బుడగల చార్టుతో చేసిన ప్రసంగం మళ్లీ ఒకసారి చూడు. బుడగలు కదలకముందే అడ్డంగా ఉన్నది స్త్రీకి ఎంతమంది పిల్లలన్న లెక్క అని, నిలువుగా ఉన్నది సగటు ఆయుర్దాయమని ఆయన తీరిగ్గా చెప్పారు. నువ్వూ బొమ్మను మొదట కదలకుండా ఉంచి, ఏ గడి దేనికి గుర్తో చెప్పాకే నీటిని వదులు.

అక్షరాల సంగతి. ఒక్కో అక్షరం విడిగా ఎగిరివచ్చే ఎఫెక్టులు ఇంగ్లీషు లిపిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. తెలుగులో వాడితే ఒత్తు ఒకచోట, అక్షరం ఇంకోచోట పడే ప్రమాదం ఉంది. పదం మొత్తం ఒకేసారి రావాలి. వరుసల మధ్య ఒత్తులకు చోటు వదులు. నీరు కదులుతున్నప్పుడు వాక్యాలు పెట్టకు. కన్ను కదిలేదాని వెంట పోతుంది గానీ చదవదు. నీలం రంగు నీటికే కేటాయించు. ఎరుపు, ఆకుపచ్చల తేడాతోనే అర్థమయ్యే విషయమేదీ ఉంచకు. ఆ రెండూ ఒకేలా కనిపించేవారు మనమధ్య ఉన్నారు.

రంగులు వేయకముందే, పెన్సిలు గీతలతో ఉన్న వీడియోను ఫోనులో, శబ్దం ఆపేసి, ఈ లెక్కలు తెలియనివారికి చూపించు. చూశాక ఒకటే అడుగు: ‘854 అడుగుల దగ్గర ఉన్నప్పుడు రోజూ నికరంగా రెండు లక్షల క్యూసెక్కులు చేరితే ఎన్ని రోజుల్లో నిండుతుంది?’ ‘వారం రోజులు’ అన్న జవాబు వస్తే రంగులు మొదలుపెట్టు. రాకపోతే వాయిస్ ఓవర్‌తో సరిదిద్దాలని చూడకు, గడియారం దృశ్యాన్నే మళ్లీ గీసి నాకు పంపు.

మామయ్య