అమ్మలూ, ఆ ‘మొరౌ’ మరిచిపోకు

అమ్మలూ,

ఏప్రిల్‌లో జపాన్‌లోని నగోయా వెళ్తున్నావనీ, వృద్ధుల ఆశ్రమంలో కైగో పని, అంటే పెద్దవాళ్ళను చూసుకునే పని, కుదిరిందనీ మీ అమ్మ రాత్రి ఫోనులో చెప్పింది. మన ఇంట్లో నా తరవాత ఆ దేశం వెళ్తున్నది నువ్వే. ఎంత పొంగిపోయానో! కానీ తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. చలిబట్టలు, రైలు పాసు, చెత్త వేరుచేయడం, ఇవన్నీ అక్కడికి వెళ్ళాక నీకే తెలుస్తాయి. నా దిగులు వేరు. మన ఇళ్ళలో సొంతవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పే అలవాటు లేదు. అన్నం పెట్టిన అమ్మకు ఎవరు చెబుతారు? మనసు నిండా విశ్వాసం ఉన్న పిల్లవి, మాట తెలియక విశ్వాసం లేనిదానిలా కనబడతావేమోనని నా భయం. నేను అలా కనబడ్డాను.

నగోయాలో చదువుకునే రోజుల్లో స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు సిఫారసు లేఖ కావలసివచ్చింది. మా సెన్సే, అంటే మాస్టారు, రెండు సాయంత్రాలు కూర్చుని చేత్తో రాసి ఇచ్చారు. దాన్ని ఇవ్వడానికి ఆఫీసుకు వెళ్తే, కిటికీ వెనకున్న ఆవిడ లేఖ ఎవరిదని అడిగింది. సెన్సే నా పక్కనే ఏదో సంతకం చేస్తున్నారు. తెలుగులో ఏమంటాం? “మాస్టారి చేత రాయించుకున్నాను” అంటాం. తప్పేమీ లేదు, అందులో గౌరవమే ఉంది. దాన్నే జపనీస్‌లోకి దించాను: “సెన్సే ని కకసెమషిత.” ఆవిడ చేతిలోని ముద్ర గాల్లోనే ఆగిపోయింది. సెన్సే ఏమీ అనలేదు. కలానికి మూత పెట్టి, జేబులో పెట్టుకుని, తల కొద్దిగా వంచి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి తోటి విద్యార్థిని చెబితేగాని నేనేమన్నానో తెలియలేదు. ‘కకసెరు’ అంటే పురమాయించి రాయించడం. బళ్ళో పిల్లల చేత టీచరు రాయిస్తారే, అలాగన్నమాట. నేను అనవలసింది “సెన్సే ని కైతె ఇతదకిమషిత”. రెంటిలోనూ మన ‘చేత’ లాంటి ‘ని’ ఉంది, తేడా అంతా చివరి క్రియలోనే. ‘మొరౌ’ అంటే పొందడం, ‘ఇతదకు’ దాని వినయరూపం. ఆయన రాశారు, ఆ మేలు నాకు అందింది అని ఒక్క క్రియలో ఒదిగిపోతుంది. మన ‘రాయించుకున్నాను’లో ‘ఇంచు’ ఉంది, ‘కొను’ ఉంది. నేను ‘ఇంచు’ను పట్టుకుని ‘కొను’ను వదిలేశాను తల్లీ.

మర్నాడు వెళ్ళి తల వంచి నిలబడితే, ఆయన ఒక కాగితం ముక్క మీద సరైన వాక్యం రాసి నా ముందుకు జరిపారు. ఆ కాగితం ఇప్పటికీ నా నిఘంటువులో ఉంది.

మేలు చేసినవాళ్ళనే కర్తగా పెట్టి చెప్పాలంటే ‘కురెరు’, అంటే నాకు ఇవ్వడం; పెద్దవాళ్ళయితే ‘కుదసరు’. పక్కింటావిడ నీకు కకి పండ్లు తెచ్చి ఇచ్చిందనుకో. ‘మొత్తె కిమషిత’ అని ఊరుకుంటే ఎవరో ఎవరికో తెచ్చినట్టుంటుంది. ‘మొత్తె కితె కురెమషిత’ అంటే నాకోసం తెచ్చింది అని. మన ‘వండిపెట్టింది’లో ‘పెట్టు’ లాంటిదే, కాకపోతే మనం దాన్ని వదిలేసినా ఎవరూ నొచ్చుకోరు. అక్కడ అది లేకపోతే లోటు తెలుస్తుంది.

ఇక ‘అగెరు’, అంటే మనం ఎదుటివాళ్ళకు ఇవ్వడం. ఇది గట్టిగా చెబుతున్నాను, విను. నువ్వు రోజంతా ఉండేది పెద్దవాళ్ళ మధ్య. సంచి అందుకుంటూ ‘మొత్తె అగెమషో’ (మోసిపెడతాను) అనకు. నీకు ఉపకారం చేస్తానులే అన్నట్టుంటుంది. ఎనభై ఏళ్ళు బతికిన మనిషి నీ దగ్గర ఆ మాట ఎందుకు పడాలి? ‘ఒమొచి షిమషో క’ అను, నేను పట్టుకోనా అని వినయంగా అడిగినట్టుంటుంది. చిన్నప్పుడు తాతయ్య చేతికర్ర అడగకుండానే అందించేదానివి, ఆ చెయ్యి నీకుంది. మాట కూడా ఆ చేతిలాగే ఉండాలని నా ఆశ.

ఎవరైనా సాయం చేస్తే ఆ రోజుతో సరిపెట్టకు. మళ్ళీ కలిసినప్పుడు ‘కొనొ అయిద వ అరిగతో గొజైమషిత’ అని మొన్నటి సాయాన్ని గుర్తుచేసుకో.

మీ అమ్మ ఇప్పటినుంచే కందిపొడికి డబ్బాలు వెతుకుతోంది. అక్కడ ఎవరైనా ఇదేమిటని అడిగితే ‘హహ గ త్సుకుత్తె కురెమషిత’ అని చెప్పు. ఆదివారం ఫోను చేసి ఆ వాక్యం ముందు నాకు వినిపించు. మీ అమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకో, దాని అర్థం నేను చెబుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ