పోయింది రాబట్టాలంటే పెద్ద టేబుల్‌లో కూర్చోవాలా?

ప్రశ్న: అప్పుడప్పుడూ స్నేహితులతో గోవా వెళ్లి క్యాసినోలో పోకర్ ఆడతాను. ఈమధ్య వెళ్లిన ప్రతిసారీ ఓటమే, చేతిలో రెండు ఏస్‌లున్నా పోతోంది. ఈసారి పెద్ద పందేల టేబుల్‌లో కూర్చుని మొత్తం రాబట్టాలని ఉంది. ఏమంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దండీ, ఆ ఒక్క పనీ చేయకండి. రెండు ఏస్‌లకు ఎదురుగా రెండు కింగ్‌లుండి, ఫ్లాప్‌కి ముందే, అంటే టేబుల్ మీద తొలి మూడు ముక్కలు తెరవకముందే, ఇద్దరూ ఆల్ ఇన్ అయినా, అంటే ఉన్నదంతా పందెం కాసినా ఏస్‌లు గెలిచేది వందలో సుమారు 82 సార్లే, మిగతా 18 సార్లు మీ తప్పేమీ లేకుండానే డబ్బు పోతుంది. నిన్న ఓడారని ముక్కలకు గుర్తుండదు, కాబట్టి ఇక నా వంతు వచ్చిందనుకోవడానికి ఆధారమే లేదు. అసలు నష్టం ఆ తర్వాత కోపంతో ఆడే ఆటలో జరుగుతుంది, దాన్నే టిల్ట్ అంటారు, మామూలుగా పడేసే ముక్కలతో కూడా పందెం కాసేస్తాం. పైగా పాట్‌లోంచి, అంటే అందరి పందేల మొత్తంలోంచి, క్యాసినో రేక్ పేరుతో తన వాటా తీసుకుంటుంది కాబట్టి అందరితో సమానంగా ఆడినా చివరికి నష్టమే.

చిన్న టేబుల్‌కి దిగండి, లేదా కొన్నాళ్లు మానేయండి. ఓడిన ఆటలు రాసుకుని, ఫలితం చెప్పకుండా బాగా ఆడే స్నేహితుడికి చూపించండి. తనైనా అలాగే ఆడేవాణ్నంటే అది దురదృష్టం, కాదంటే మీ ఆటలోనే లోపం. ఇంటి ఖర్చుల డబ్బో అప్పు డబ్బో పెడుతుంటే, ఇంట్లో దాస్తుంటే మాత్రం ఇక టేబుల్ జోలికే వెళ్లకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.