అమెరికా మొట్టమొదటి గవర్నమెంట్‌లో మంచేంటి, లోపాలేంటి?

1781 నుంచి 1789 దాకా నడిచిన 'ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్' (అమెరికా మొదటి రాజ్యాంగం) గవర్నమెంట్ గురించే కదా మీరడిగేది. అసలు తలనొప్పి డబ్బు దగ్గరే. కాంగ్రెస్‌కి (అంటే వాళ్ల పార్లమెంట్‌కి) పన్ను వేసే పవర్ లేదు, 13 రాష్ట్రాల్ని అడుక్కోవాలి, వాళ్లు ఇస్తే ఇచ్చినట్టు లేకపోతే లేదు. పోనీ దిగుమతుల మీద 5 శాతం సుంకం వేద్దామంటే రూల్స్ మార్చడానికి అందరూ ఒప్పుకోవాలాయె, 1782లో బుల్లి రోడ్ ఐలాండ్ రాష్ట్రం కుదరదంది, అంతే, అటకెక్కింది. 1783 జూన్‌లో అయితే జీతాలు రాని సైనికులు ఫిలడెల్ఫియాలో తుపాకులతో వచ్చి కాంగ్రెస్ కూర్చున్న బిల్డింగ్‌ని చుట్టుముట్టారు, సభ్యులు మెల్లగా ప్రిన్స్‌టన్‌కి జారుకున్నారు (బ్రిటన్ మీద యుద్ధం గెలిచిన దేశం మరి!). చట్టాలు అమలు చేయించే ప్రెసిడెంట్ గానీ, దేశం మొత్తానికి కోర్టులు గానీ లేవు.

అలాగని పూర్తిగా వేస్ట్ అనను. 1783లో బ్రిటన్‌తో సంధి చేసుకుంది వీళ్లే. 1785 చట్టంతో పడమటి భూముల్ని ఆరు మైళ్ల చదరాలుగా కొలిపించి, ఒక్కోదాన్ని 36 ముక్కలు చేసి అందులో 16వ ముక్క స్కూల్‌కి వదిలేశారు. 1787లో నార్త్‌వెస్ట్ ఆర్డినెన్స్ అనే చట్టంలో ఒహాయో నదికి ఉత్తరాన బానిసత్వం వద్దన్నారు, కొత్త రాష్ట్రాలు పాతవాటితో సమానం అన్నారు. నాకైతే ఇదే వాళ్ల బెస్ట్ పని, ఆ భూములు అక్కడి ఆదివాసీలవి అన్న సంగతి వేరే అనుకోండి.