రోజూ నడిచేవాళ్లకు బ్యాలెన్స్ వ్యాయామాలు అవసరమా?

"మా నాన్నగారికి 70 దాటాయి, రోజూ గంటసేపు నడుస్తారు, మళ్లీ విడిగా బ్యాలెన్స్ వ్యాయామాలు కూడా కావాలా?" అని అడిగారు. తప్పకుండా కావాలి. నడక గుండెకు మంచిదే, కానీ పడిపోకుండా ఉండటానికి అదొక్కటే చాలదు.

మా అమ్మ ఒక్కరోజు కూడా నడక మానేది కాదు. అయినా వెనక నుంచి ఎవరో పిలిస్తే గభాలున తిరగబోయి పడింది. అదృష్టం, ఎముక విరగలేదు. ఫిజియోథెరపిస్ట్ ఆమెను గదిలో నడుస్తూనే 50 నుంచి మూడేసి తగ్గించి లెక్కపెట్టమన్నారు. "47, 44..." అంది. ఆ తర్వాతి అంకె కోసం ఆలోచిస్తుంటే కాళ్లు ఆగిపోయాయి. "41" అన్నాకే మళ్లీ అడుగు పడింది. అంటే ధ్యాసంతా పెడితే తప్ప నడక సాగట్లేదన్నమాట. తర్వాత ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనించి నిలబడమన్నారు. చీలమండ గడగడా వణుకుతోంది, కాలివేళ్లు నేలను పట్టుకోవాలని ముడుచుకుపోతున్నాయి. అంత చక్కగా నడిచే మనిషికి నిలబడటం రావట్లేదు!

కళ్లు, లోపలి చెవి, పాదాల స్పర్శ కలిసి మనల్ని నిలబెడతాయి. వయసుతో మూడూ మందగిస్తాయి. అలవాటైన దారిలో తిన్నగా నడిస్తే వాటికి పని ఎక్కడిది? ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 65 దాటినవాళ్లు బ్యాలెన్స్, కండరాల బలం పెంచే వ్యాయామాలు వారానికి కనీసం 3 రోజులు చేయాలని 2020లో చెప్పింది.

అమ్మ వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడుతుంది, పక్కకు అడుగులు వేస్తుంది, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేస్తుంది. మొదట్లో గట్టును రెండు చేతులతో పట్టుకునేది, ఇప్పుడు వేలికొసలు చాలు. కాస్త తూలితేనే ఉపయోగం. అందుకే పక్కన మనిషి ఉండాలి. కళ్లు తిరిగే బాధ ఉంటే ముందు డాక్టర్‌కి చూపించాలి.

నాకు ఒళ్లు మండేది "నువ్వు కూర్చో, మేం చూసుకుంటాం" అనే చుట్టాలను చూస్తే. మంచినీళ్లు కూడా లేవనివ్వకుండా చేతికందిస్తారు. ప్రేమే, కాదనను. కానీ కూర్చోబెట్టేకొద్దీ తొడల్లో బలం పోతుంది, భయం పెరుగుతుంది, ఆ భయంతోనే కాళ్లు ఈడుస్తూ నడుస్తారు. నిద్రమాత్రలు వేసుకుంటే తూలడం ఇంకా పెరుగుతుంది, ఆ సంగతి రాసిచ్చేవాళ్లు ఎంతమంది చెబుతున్నారు? అరిగిన చెప్పులను పారేయనివ్వని పెద్దవాళ్లతో ఇంకో టెన్షన్.

మీ నాన్నగారిని నడుస్తూ లెక్కపెట్టమని చూడండి. ఆగిపోతే ఇక ఆలస్యం చేయకుండా ఆ గంట నడకలో పావుగంట తగ్గించి, వంటగట్టు దగ్గర నిలబెట్టండి.