ఎండాకాలం సెలవుల్లో తెలుగు చదవనంటున్న మూడో క్లాసు పాప

పాపకు ఇంగ్లీషు మీడియంలో మూడో క్లాసు అయిపోయింది, సెలవుల్లో తెలుగు కథల పుస్తకం ఇస్తే రెండు లైన్లు చదివి పక్కన పడేస్తోంది, కర్నూల్లో ఏం దారి అని అడిగారు. ఈ వయసు పిల్లలకు చదువు చెప్పే అనుభవంతో అంటున్నాను, ఇది సోమరితనం కాదు. ఒకసారి పక్కన కూర్చుని వినండి, ఎక్కువ భాగం వత్తుల దగ్గరే ఆగుతుంది. 'రాష్ట్రం' అన్న మాటలో ష కింద ట వత్తు, దాని పక్కన ర వత్తు. అవి కూడబలుక్కునే లోపు వాక్యం మొదట్లో ఏముందో మర్చిపోతుంది. ఇక కథ ఏం రుచిస్తుంది?

అందుకని రోజూ 20 నిమిషాలు, ఎండ ఎక్కకముందే, ఇద్దరూ కలిసి చదవండి. ఒక పేజీ మీరు, ఒక పేజీ పాప. ఆగిన చోట మూడు సెకన్లు చూసి మాట మీరే చెప్పేయండి, తను తిరిగి అని ముందుకు పోతుంది. మధ్యలో అక్షరాలు కూడబలికించొద్దు. చదవడం అయిపోయాక తడబడిన మాటల్లో మూడింటిని మాత్రం పలక మీద పెద్దగా రాయండి: ముందు ష, తర్వాత ష్ట, తర్వాత ష్ట్ర. మర్నాడు చదివే ముందు ఆ మూడూ ఒకసారి చూపించండి, చాలు.

పేజీలో ఐదు మాటల కంటే ఎక్కువ చోట్ల ఆగిందంటే ఆ పుస్తకం ఇప్పటికి బరువే. పేజీకి రెండు మూడు లైన్లుండే బొమ్మల పుస్తకాలకు దిగండి, చిన్నతనంగా అనుకోవద్దు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైటులో తెలుగు కథలు ఉచితంగా, స్థాయిల వారీగా ఉంటాయి. ఒకటో స్థాయి నుంచే మొదలుపెట్టండి. ఫోన్లో చదివించకుండా ప్రింటు తీయించి పిన్ను కొట్టండి. ఫోను చేతిలో ఉంటే కథ రెండు నిమిషాలే, మిగతాదంతా వీడియోలే.

చదివిన కథను నోట్సులో రాయమనడం, పుస్తకానికింత అని డబ్బులివ్వడం, ఈ రెండూ చెడగొడతాయి. రాయమంటే అది హోంవర్కు అయిపోతుంది. డబ్బులు ఆపిన రోజు చదవడమూ ఆగుతుంది.

వారానికోసారి జిల్లా గ్రంథాలయానికి తీసుకెళ్లండి. గ్రంథాలయోద్యమానికి అంత పాటుపడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు పుట్టిన ఊరు మనది, పాపకు ఆ మాట కూడా చెప్పండి. తెరిచే వేళలు, పిల్లల పుస్తకాలు ఇంటికిస్తారా, డిపాజిట్ ఎంత అన్నవి ముందే కనుక్కోండి. పుస్తకం తననే ఎంచుకోనివ్వండి. అదే పుస్తకం మూడోసారి తీసుకున్నా వద్దనకండి, మూడోసారికి వత్తుల దగ్గర ఆగడం తగ్గుతుంది.