పాఠకుల ప్రశ్నలు: ఆర్పీజీలలో ఒకటో స్థానం దేనికి?

ప్రశ్న: నలుగురు మిత్రులం ఒకే గదిలో ఉంటున్నాము. ఉత్తమ రోల్ ప్లేయింగ్ గేముల (ఆర్పీజీల, అంటే ఒక పాత్రగా మారి ఆడే వీడియో ఆటల) జాబితా తయారు చేద్దామని సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టిన వాదన ఇంకా తెగలేదు. ఒకరు ‘ది విచర్ 3’ అంటారు, మరొకరు ‘ఎల్డెన్ రింగ్’ అంటారు, ఇంకొకరు ‘ఫైనల్ ఫాంటసీ 7’ తప్ప దేనినీ ఒప్పుకోరు. పదికి ఇన్ని అని మార్కులు వేసి సగటు తీస్తే, నేనొక్కడినే ఆడిన ‘ప్లేన్‌స్కేప్: టార్మెంట్’ 10 మార్కులతో పైకి వచ్చింది. అది మోసమని మిగతావారి ఆరోపణ. మీ తీర్పు ఏమిటి?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మోసం కాదు గాని, లెక్క వేసిన పద్ధతి తప్పు. ఒక్కరే ఆడిన ఆటకు ఆ ఒక్కరి మార్కే సగటు అవుతుంది. అలాగని వచ్చిన మార్కులన్నీ కూడితే ఎక్కువమంది ఆడినదే గెలుస్తుంది కనుక 1999 నాటి టార్మెంట్ ఎన్నటికీ పైకి రాదు. కనీసం ఇద్దరు చివరిదాకా ఆడిన ఆటలనే పరిగణించాలని, ఆడనివారు మార్కు వేయరాదని ముందుగా ఒప్పందం చేసుకోండి. అప్పుడు మీ టార్మెంట్ ప్రస్తుతానికి జాబితాలోనే ఉండదు. మిత్రులలో ఒకరి చేత దానిని పూర్తి చేయించే బాధ్యత మీదే.

అయితే మీ తగవుకు అసలు కారణం మార్కులు కావు. మన ప్రాంతపు నాటక పోటీలు చూసినవారికి తెలుసు, పద్యనాటకానికీ సాంఘిక నాటికకూ కలిపి ఒకే బహుమతి పెట్టరు. మీరు మాత్రం అదే చేస్తున్నారు.

1974లో ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ వచ్చినప్పుడు బల్ల చుట్టూ కూర్చున్నవారు రెండు పనులు చేసేవారు: ఒకటి, తమ పాత్రగా మాట్లాడటం, రెండు, పాచికలు వేసి ఆ పాత్ర బలాబలాలను అంకెలలో లెక్కించుకోవడం. 1981లో ‘విజార్డ్రీ’, ‘అల్టిమా’ వంటివి ఈ ఆటను కంప్యూటరుకు తెచ్చినప్పుడు అంకెలు సులభంగా వచ్చాయి, ఎందుకంటే లెక్కపెట్టడం యంత్రానికి చేతనైన పని. ఆటగాడు ఏమన్నా దానికి తగిన బదులు చెప్పడం దానికి చేతకాలేదు. 1986లో జపానులో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’ ఆ అంకెలను తేలిక చేసి కథను జోడించింది. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7 ఆ దారిలోదే. అందులో కథానాయకుడి రాత ముందే రాసిపెట్టి ఉంటుంది, మనం దానిని నడిపిస్తాము. 2022 నాటి ఎల్డెన్ రింగ్‌లో అంకెలతోపాటు చేతి నేర్పు కావాలి. టార్మెంట్‌లో మాత్రం మాటే ఆట. వీటన్నిటికీ ఆర్పీజీ అనే ఒకే పేరు ఉండటం వల్ల మీ గదిలో నలుగురూ నాలుగు వేర్వేరు విషయాల గురించి వాదించుకుంటున్నారు.

నా తీర్పు అడిగారు గనుక విభాగాల వారీగా చెబుతాను. పాత్రను మన నిర్ణయాలే తయారుచేసే విభాగంలో నా ఒకటో స్థానం 2019 నాటి ‘డిస్కో ఎలీసియం’ది, రెండోది మీ టార్మెంట్‌ది. డిస్కో ఎలీసియం ఆరంభంలో డిటెక్టివ్ హోటల్ గదిలో నేల మీద, తన పేరు కూడా మరిచిపోయి, కళ్లు తెరుస్తాడు. పైన తిరుగుతున్న ఫ్యానుకు అతని టై వేలాడుతూ ఉంటుంది. దేహబలానికి మరీ తక్కువ పాయింట్లు ఇచ్చుకున్న ఆటగాడు దానిని అందుకోబోయి తప్పితే, గుండె ఆగి, గది దాటకుండానే ఆట ముగిసిపోవచ్చు. ఇక్కడ అంకెలు కూడా పాత్ర స్వభావాన్నే చెబుతున్నాయి. అందుకే దీనికి పై చోటు ఇచ్చాను.

రాసిపెట్టిన కథల విభాగంలో ఫైనల్ ఫాంటసీ 7 కన్నా 1995 నాటి ‘క్రోనో ట్రిగర్’ను ముందుంచుతాను. దానిలో శత్రువులు చాలావరకు కంటికి కనబడతారు. నాలుగడుగులకొకసారి ఎక్కడి నుంచో యుద్ధం వచ్చి పడదు. ఈ మాటకు మీ మిత్రుడు కోప్పడితే, ఆయన ఫైనల్ ఫాంటసీ ఏ వయసులో ఆడారో అడగండి. పన్నెండేళ్లప్పుడు ఆడిన ఆటకు మార్కులు తగ్గించడం నా వల్ల కూడా కాదు. ఎల్డెన్ రింగ్‌కు దాని విభాగంలో నేను పోటీ చూడలేదు. విచర్ 3 మధ్యలో నిలుస్తుంది: కథానాయకుడు గెరాల్ట్ ఎవరన్నది ముందే ఖాయం, కానీ అతను ఏం చేస్తాడన్నది మన చేతిలో ఉంటుంది. అందులో బ్లడీ బారన్ అనే పాత్ర కథలో ఒక చెట్టులోని ఆత్మను విడిపించాలా, చంపాలా అన్న నిర్ణయం ఫలితం చాలాసేపటికి గాని, అదీ మనం ఊహించని మనుషుల మీద గాని, బయటపడదు. ఆ ఒక్క ఘట్టానికే దానిని మొదటి విభాగంలో మూడోదిగా చేర్చుకుంటాను.

ప్రశ్న: ‘జెల్డా’ ఆటలు ఆర్పీజీలే కదా? వాటిని జాబితాల నుంచి ఎందుకు తప్పిస్తారు?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: కత్తి, కోట, రాకుమారి ఉన్నంత మాత్రాన ఆర్పీజీ కాదండీ. సాధారణంగా ఆ ఆటల నాయకుడు లింక్ బలం పెరిగేది దొరికిన వస్తువుల వల్ల, ప్రాణశక్తిని చూపే హృదయ గుర్తుల వల్ల. శత్రువులను చంపి కూడబెట్టిన అనుభవ పాయింట్ల వల్ల కాదు. అతని తరఫున మాట్లాడే అవకాశం కూడా మనకు దాదాపు ఉండదు. 1987లో వచ్చిన రెండో భాగంలో మాత్రం పాయింట్లూ లెవెళ్లూ ఉన్నాయి కనుక, మీరు పట్టుబడితే ఆ ఒక్కదానిని జాబితాలోకి రానిస్తాను, కాకపోతే చివరి వరుసలో.